మలేరియా వాడ మురికిలో పుట్టదు, ఆ గుంత ఎవరు తవ్వారో అడగాలి

వానాకాలం రాగానే వాడకి ఒక జీపు వస్తుంది. అందులోంచి దిగినవాళ్ళు మైకు పట్టుకుని చెప్పే మాటలు ప్రతి ఏడూ ఒకటే. ఇళ్ళ చుట్టూ శుభ్రంగా ఉంచుకోండి, మురికిలో దోమలు పుడతాయి, దోమ కుడితే మలేరియా వస్తుంది. మైకు ఆపేశాక, జీపు ఎక్కేముందు, ఇంకో మాట కూడా వినబడుతుంది. 'వీళ్ళకి ఎంత చెప్పినా ఇంతే.' సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో చదువుకుని పైకొచ్చిన ఎవరికీ ఈ మాట కొత్త కాదు.

జీపు వెళ్ళిపోయిన దారి పక్కనే, వాడకి ఫర్లాంగు దూరంలో, రోడ్డు వెడల్పు చేయడానికి మొరం తీసిన గుంత ఉంటుంది. రెండు వానలకే నిండుతుంది. నీళ్ళు తేటగా ఉంటాయి. పైన ఎండ పడుతుంది, అంచుల్లో గడ్డి మొలుస్తుంది. పిల్లలు ఈత కొడతారు, గేదెలు దిగుతాయి. జీపులో వచ్చినవాళ్ళు ఆ గుంత వైపు చూడరు. మలేరియా దోమ మాత్రం నేరుగా అక్కడికే వెళుతుంది.

ఈ వ్యాసం ఆ గుంత గురించి. 2027 నాటికి దేశంలో స్థానికంగా పుట్టే మలేరియా కేసులు ఒక్కటి కూడా ఉండకూడదని, 2030కి వ్యాధిని పూర్తిగా నిర్మూలించాలని కేంద్ర ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. లక్ష్యం మంచిదే. కానీ మిగిలి ఉన్న మలేరియా ఎక్కడ ఉంది, ఎవరి ఒంట్లో ఉంది, ఎవరి నీళ్ళలో పుడుతోంది అన్న ప్రశ్నలు అడగకుండా సున్నా చేరుకోవడమంటే, కేసులు లేకుండా చేయడం కాదు, కనబడకుండా చేయడం అవుతుంది.

మూడు దోమలు, మూడు నీళ్ళు

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. దోమలన్నీ ఒకటి కావు, అవి కోరుకునే నీళ్ళూ ఒకటి కావు. మన వాడ పక్కన పారని మురుగు కాలువలో గుంపులుగా పుట్టేది క్యూలెక్స్. అది బోదకాలుని మోస్తుంది. ఇంట్లో డ్రమ్ములో, గోళెంలో, పాత టైరులో, కూలర్ తొట్టిలో పుట్టేది ఏడిస్. అది డెంగ్యూని, చికున్‌గున్యాని తెస్తుంది. మలేరియాని మోసేది అనాఫిలిస్ జాతి దోమలు మాత్రమే. వాటిలో ఎక్కువ భాగం తేట నీళ్ళని, లేదా మురుగు పెద్దగా కలవని నీళ్ళని కోరుకుంటాయి. నగరాల్లో అవి కొంత మురికి నీటికీ అలవాటు పడుతున్నాయన్న పరిశీలనలు ఉన్నాయి. అయినా మొత్తం మీద, నల్లగా కంపు కొట్టే డ్రైనేజీ మలేరియా పుట్టిల్లు కాదు.

తేడా పట్టుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. తెల్లటి ప్లేటుతోనో గరిటెతోనో నీళ్ళు ముంచి చూస్తే చాలు. క్యూలెక్స్, ఏడిస్ లార్వాలు తోక దగ్గర ఉన్న గొట్టాన్ని నీటి పైకి ఆనించి, తలకిందులుగా వేలాడుతూ ఊపిరి తీసుకుంటాయి. అనాఫిలిస్ లార్వాకి ఆ గొట్టం లేదు. నీటి ఉపరితలానికి సమాంతరంగా, చిన్న పుల్లముక్కలా పడుకుని తేలుతుంది. ఇంటర్ బయాలజీ చదివిన ఏ విద్యార్థి అయినా ఐదు నిమిషాల్లో తేల్చగలడు. ఆ ఐదు నిమిషాల పని చేయకుండానే ఏళ్ళ తరబడి మన వాడల మీద తీర్పులు చెబుతున్నారు.

దీనర్థం డ్రైనేజీ అక్కర్లేదని కాదు. బోదకాలుతో బతుకు ఈడ్చే మనుషులు మన వాడల్లో ఎంతమంది ఉన్నారో మనకి తెలుసు. పక్కా కాలువ మన హక్కు. వాదన వేరు. మలేరియాకి మురికిని కారణంగా చూపించినప్పుడల్లా నేరం ఇంటి ముందున్న ఆడమనిషి చీపురు మీదికి వెళుతుంది. గుంత తవ్విన జేసీబీ మీదికి, దాన్ని నడిపించిన కాంట్రాక్టర్ మీదికి, బిల్లు పాస్ చేసిన ఇంజనీరు మీదికి వెళ్ళదు. మురికి అనే మాట మన మీద ఎందుకంత సులువుగా అతుక్కుంటుందో ఈ పాఠకులకి వివరించనక్కర్లేదు.

డ్రమ్ముల సంగతి కూడా ఇలాంటిదే. తెలంగాణ పట్టణాల్లో 2020లో 'ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు' అని ప్రచారం నడిపారు. ఇంట్లో నిల్వ ఉన్న నీళ్ళు పారబోయమన్నారు. డెంగ్యూకి అది సరైన సలహానే. కానీ రోజు విడిచి రోజు, అరగంట మాత్రమే నల్లా వచ్చే బస్తీలో డ్రమ్ము నింపుకోకపోతే తాగడానికి ఏముంటుంది? 1927లో మహద్‌లో చెరువు నీళ్ళు ముట్టుకునే హక్కు కోసం నడిచిన జనానికి, వందేళ్ళు తిరిగే సరికి, దాచుకున్న నీళ్ళు పారబోయమని సలహా అందుతోంది.

గుంతకి ఒక యజమాని ఉంటాడు

మన పల్లెల్లో వచ్చే మలేరియాలో దాదాపు మూడింట రెండు వంతులు ఒక్క జాతి దోమ వల్లేనని శాస్త్రవేత్తల అంచనా. దాని పేరు అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్. మైదాన ప్రాంతంలో దీనిదే రాజ్యం. నిజానికి దీనికి పశువుల రక్తం ఎక్కువ ఇష్టం, కొట్టంలోనే గోడకి అంటుకుని పగలంతా ఉంటుంది. గొడ్ల పక్కనే పడుకునే జీతగాడిని కుట్టడానికి దానికి పెద్ద ప్రయాణం అవసరం లేదు.

ఇది గుడ్లు పెట్టే చోట్ల జాబితా చూస్తే మన ఊరి మ్యాపు కళ్ళకి కడుతుంది. మొరం గుంతలు, గ్రావెల్ తీసిన పల్లాలు, ఇసుక తోడేశాక వాగులో మిగిలిన మడుగులు, గండి పడి ఊట కారే పిల్లకాలువలు, వాడని బావులు, పైపులైను లీకైన చోట నిలిచిన నీళ్ళు, చివరికి బురదలో గేదె డెక్కల గుర్తులు. కొత్తగా నాటిన వరి మడి కూడా ఇందులో ఉంది. అయితే పైరు ఎదిగి నీటికి నీడ పడేకొద్దీ ఈ దోమ అక్కడ తగ్గిపోతుంది. కాబట్టి వరి పొలాన్ని నిందించేవాళ్ళు నాట్లు వేసిన తొలి వారాల గురించి మాట్లాడాలి, మొత్తం పంట గురించి కాదు.

గుడ్డు నుంచి దోమ బయటికి రావడానికి వేడి రోజుల్లో పది రోజులు అటూ ఇటూ పడుతుంది. రోగిని కుట్టి మలేరియా క్రిమిని తీసుకున్న దోమ దాన్ని ఇంకొకరికి అంటించగలిగే స్థితికి రావడానికి మరో పది, పన్నెండు రోజులు. అంటే జూన్‌లో గుంత నిండితే జూలైలో చలిజ్వరం మొదలవుతుంది. దోమ కిలోమీటరు, రెండు కిలోమీటర్లు సులువుగా ఎగరగలదు. ఆ దూరంలో మొదట ఎవరి ఇళ్ళు ఉంటాయి? మన ఊళ్ళలో వాడ ఎక్కడుంటుందో చూడండి. ఊరికి దిగువన, నీళ్ళు వాలే వైపు, ఊరు విస్తరించడానికి ఇష్టపడని పల్లంలో. ప్రభుత్వం పేదలకి కొత్తగా ఇళ్ళ స్థలాలు ఇచ్చినా అలాంటి నేలే వెతుకుతుంది. 2020లో రాజమహేంద్రవరం దగ్గర ముంపుకి గురయ్యే ఆవ భూముల్ని ఇళ్ళ స్థలాల కోసం కొన్నప్పుడు అంత వివాదం రేగింది అందుకే. ధర గురించి జరిగినంత చర్చ, అక్కడ నిలిచే నీళ్ళ పక్కన పసిపిల్లలు ఎలా పడుకుంటారన్న దాని మీద జరగలేదు.

మొరం గుంత ప్రకృతి వైపరీత్యం కాదు. అది ఒక పనికి మిగిలిన వ్యర్థం. రోడ్డు పనులకి కేంద్ర ప్రభుత్వం పెట్టుకున్న స్పెసిఫికేషన్లలోనే రోడ్డు వెంట మట్టి గుంతలు తవ్వడాన్ని నిరుత్సాహపరచాలని, తవ్వక తప్పనప్పుడు వాటి మధ్య కట్టలు వదిలి, నీళ్ళు బయటికి పోయేలా చిన్న కాలువలు తీయాలని రాసి ఉంది. అంటే ఇంజనీర్లకి సంగతి తెలియక కాదు. అయినా మన దారుల వెంట ఆ చిన్న కాలువలు ఎన్ని చోట్ల కనబడతాయి? 2020 మార్చిలో, దేశమంతా లాక్‌డౌన్‌లో ఉన్న రోజుల్లో, కేంద్ర పర్యావరణ శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. రోడ్లు, పైపులైన్ల లాంటి పనులకి మామూలు మట్టి తవ్వుకోవడానికి ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదని అందులో ఉంది. ఎంత మట్టి, ఎంత లోతు, ఎంత విస్తీర్ణం అన్న హద్దు ఏదీ లేదు. 2024 మార్చిలో సుప్రీంకోర్టు ఆ మినహాయింపుని ఏకపక్షమని కొట్టేసింది. ఆ నాలుగేళ్ళలో తవ్విన గుంతల్ని ఎవరు పూడ్చాలన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇంకా పాత చట్టం ఒకటుంది. 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టంలో దోమల నియంత్రణ మీద ప్రత్యేకంగా ఒక అధ్యాయమే పెట్టారు. దోమలు పెరిగే నీటి నిల్వ ఎవరి స్థలంలో ఉంటే వాళ్ళకి ఆరోగ్య అధికారి నోటీసు ఇచ్చి, దాన్ని తొలగించమని ఆదేశించవచ్చు. ఆ చట్టం ఆంధ్ర ప్రాంతానికి వారసత్వంగా వచ్చింది. ఇంటి ముందు కుండలో లార్వా కనిపిస్తే జరిమానా వేస్తామని బెదిరించిన సందర్భాలు మనకి గుర్తున్నాయి. క్వారీ యజమానికో రోడ్డు కాంట్రాక్టర్‌కో అలాంటి నోటీసు అందిందని విన్నవాళ్ళు మనలో ఎందరు?

మన ఉద్యమాల తప్పు కూడా ఇక్కడ ఒప్పుకోవాలి. వాడకి రోడ్డు కావాలని కొట్లాడాం, సిమెంటు కాలువ కావాలని అడిగాం. ఆ రోడ్డు కోసం మన పక్కనే తవ్విన గుంతని పూడ్చమని అడగడం మర్చిపోయాం.

కాలువలు, ప్రాజెక్టులు తెచ్చే మలేరియా గురించి ఒక్క ఉదాహరణ చాలు. రాజస్థాన్ థార్ ఎడారిలో మలేరియా ఒకప్పుడు పెద్ద సమస్య కాదు. ఇందిరా గాంధీ కాలువ నీళ్ళు వచ్చాక, ఊటలూ నిల్వ నీళ్ళూ పెరిగి, పల్లెల దోమ ఎడారిలోకి అడుగుపెట్టింది. దానికి 1994లో భారీ వర్షాలు తోడయ్యే సరికి పశ్చిమ రాజస్థాన్‌లో మహమ్మారిలా విరుచుకుపడింది. నీళ్ళు రావడం తప్పు కాదు. నీళ్ళు పారించినవాళ్ళే ఊటని, మురుగుని తీసే ఏర్పాటు చేయకపోవడం తప్పు. పొలానికి నీళ్ళొచ్చినవాడికి పంట మిగిలింది, పొలం లేనివాడికి దోమ మిగిలింది.

వాగుని పూడ్చలేం

మన్యంలో కథ వేరు. పాడేరు, చింతపల్లి, రంపచోడవరం కొండల్లో అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అనే ఇంకో దోమ ఉంది. కొండ దిగువన నెమ్మదిగా పారే సెలయేటి అంచుల్లో, గడ్డి ఉన్న తేట నీటిలో పుడుతుంది. దీనిలో మలేరియాని మోసే రకానికి పశువులతో పని లేదు, మనిషి రక్తమే కావాలి. అందుకే తక్కువ దోమలున్నా ఎక్కువ జ్వరాలు వస్తాయి. మైదానంలో గుంత పూడ్చినట్టు ఇక్కడ వాగుని పూడ్చలేం. ఆ వాగే వాళ్ళ తాగునీరు, ఆ వాగే వాళ్ళ పొలం. ఇక్కడ పని చేయవలసింది దోమతెర, గోడలకి మందు, ఊళ్ళోనే రక్త పరీక్ష, అదే రోజు మాత్రలు. అంటే ప్రభుత్వం రాజధానిలో ఉంటే కుదరదు, కొండ మీదికి రావాలి.

గిరిజన ఆరోగ్యం మీద అభయ్ బంగ్ అధ్యక్షతన వేసిన నిపుణుల కమిటీ 2018లో నివేదిక ఇచ్చింది. దేశ జనాభాలో ఆదివాసులు ఎనిమిది శాతం పైచిలుకు. మలేరియా కేసుల్లో వాళ్ళ వాటా 30 శాతం, ప్రాణం తీసే ఫాల్సిపారం రకంలో 60 శాతం, మరణాల్లో 50 శాతం. వాగు ఉండటం వల్లే ఇదంతా అనుకుంటే పొరపాటు. జ్వరం వచ్చిన మనిషిని డోలీ కట్టి మోసుకురావలసిన దూరమే కేసుని మరణంగా మారుస్తుంది.

ఏటా వానాకాలంలో మన పత్రికల్లో 'మన్యంలో విషజ్వరాలు' అని శీర్షికలు వస్తాయి. ఆ మాట నాకు మొదటి నుంచీ గిట్టదు. విషజ్వరం అనేది రోగం పేరు కాదు, రోగమేంటో తేల్చలేదని ఒప్పుకోకుండా దాటవేసే పేరు. వేలు మీద సూది గుచ్చి పావుగంటలో మలేరియా అవునో కాదో చెప్పే కిట్లు వచ్చి ఎన్నో ఏళ్ళయింది. పరీక్ష జరగకుండా చనిపోయిన మనిషి మలేరియా మరణాల పట్టికలోకి ఎక్కడు. 2010 అక్టోబరులో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం దేశంలో ఏటా 70 ఏళ్ళ లోపువాళ్ళలో మలేరియా మరణాలు 2 లక్షలకి పైనే ఉంటాయని అంచనా వేసింది. అప్పటి ప్రభుత్వ లెక్క వెయ్యి దగ్గర. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా 15 వేలు. చనిపోయినవారి కుటుంబాల్ని అడిగి కారణం తేల్చే పద్ధతి మలేరియా విషయంలో నమ్మదగినది కాదని ఆ సంస్థ ఆ అధ్యయనంతో విభేదించింది. ఎవరి అంకె సరైనదో పక్కన పెట్టండి. అధ్యయనంలో మలేరియా మరణాలుగా తేలినవాటిలో 90 శాతం పల్లెల్లో జరిగినవి, 86 శాతం ఏ ఆసుపత్రి గడపా తొక్కకుండా జరిగినవి. వెయ్యి అన్న లెక్క ఎలా వస్తుందో ఆ 86 చెబుతుంది.

పని చేస్తే ఫలితం ఉంటుందని పక్క రాష్ట్రమే చూపించింది. మన మన్యానికి ఆనుకుని ఉన్న కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాలతో సహా ఒడిశా మారుమూల ఊళ్ళలో 'దమన్' పేరుతో ఇంటింటికీ వెళ్ళి, జ్వరం ఉన్నా లేకున్నా అందరికీ పరీక్ష చేసి మందులిచ్చారు, దోమతెరలు పంచారు. 2016లో 4 లక్షలు దాటిన కేసులు రెండేళ్ళలో లక్ష లోపుకి పడిపోయాయి. ఆ తర్వాతి ఏళ్ళలో మళ్ళీ కొంత పెరిగాయి కూడా. మలేరియా తగ్గిందని చేతులు దులుపుకునే వీల్లేని జబ్బు. 1953లో జాతీయ నియంత్రణ కార్యక్రమం మొదలయ్యేనాటికి ఏటా ఏడున్నర కోట్ల మంది జబ్బు పడేవారని అంచనా. 1965కి కేసులు లక్షకి దిగాయి. అప్పుడూ అయిపోయిందనుకున్నారు. 1976కి 64 లక్షలయ్యాయి.

నగరం కట్టేవాళ్ళ ఒంట్లో

మూడో దోమ నగరానిది. పేరు అనాఫిలిస్ స్టీఫెన్సై. మూతలేని ఓవర్‌హెడ్ ట్యాంకులు, సంపులు, బావులు, కట్టడాల దగ్గర సిమెంటు తొట్లు, సెల్లార్ కోసం తవ్వి వదిలేసిన గోతులు, క్యూరింగ్ కోసం స్లాబు మీద నిలబెట్టిన నీళ్ళు దీని పుట్టిళ్ళు. దోమ ద్వారా మలేరియా వ్యాపిస్తుందన్న రహస్యం బయటపడింది మన సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమ స్టీఫెన్సై అయి ఉంటుందని తర్వాతివాళ్ళ అభిప్రాయం. ఆ దోమ కుట్టింది హుసేన్ ఖాన్ అనే రోగిని. ఒక్కో దోమ కాటుకి ఒక అణా చొప్పున ఇచ్చారు. రాస్‌కి 1902లో నోబెల్ వచ్చింది. హుసేన్ ఖాన్ గురించి మనకి తెలిసింది ఆ అణాల లెక్క మాత్రమే.

ఇప్పుడు ఆ అణా కూడా లేదు. హైదరాబాద్ చుట్టూ లేచే అపార్ట్‌మెంట్లలో, పూర్తికాని అంతస్తుల్లో, తలుపులూ కిటికీలూ లేని గదుల్లో పడుకునేది పాలమూరు నుంచి, ఒడిశా నుంచి, బిహార్ నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కూలీలు. వాళ్ళలో దళితులు, ఆదివాసులు, అతి వెనకబడిన కులాలవాళ్ళు ఎంతమందో ఏ కట్టడం దగ్గరికి వెళ్ళి అడిగినా తెలుస్తుంది. సెల్లార్ గోతిలో దోమ పుడుతుంది, నాలుగో అంతస్తులో గోడలేని గదిలో మనిషి దొరుకుతాడు. ఫ్లాటు అమ్ముడయ్యేనాటికి గోతి ఉండదు, ఆ మనిషీ ఉండడు.

ఇటుక బట్టీల్లో ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనబడుతుంది. పశ్చిమ ఒడిశాలోని బలాంగీర్, నువాపడా జిల్లాల నుంచి నువాఖాయ్ పండగ వెళ్ళాక సర్దార్ల దగ్గర అడ్వాన్సు తీసుకుని కుటుంబాలు తెలంగాణ బట్టీలకి వస్తాయి. వేసవి ముగిసేదాకా ఉంటాయి. అది వానల్లేని కాలం కదా, దోమలెక్కడివి అనిపిస్తుంది. కానీ ఇటుక చేయాలంటే మట్టి తడపాలి, తడపాలంటే నీళ్ళు నిల్వ చేయాలి. చుట్టుపక్కల పల్లెల్లో అంతా ఎండిన ఫిబ్రవరి, మార్చిలో కూడా నీళ్ళుండే చోటు బట్టీలోని మట్టి గుంత, పక్కనున్న తొట్టి. దానికి పది అడుగుల దూరంలో, వంగితే గానీ లోపలికి పోలేని గుడిసెలో, దోమతెర కట్టుకోవడానికి కొక్కెం కూడా లేని చోట పసిపిల్లలు పడుకుంటారు.

ఇప్పుడు 2027 లక్ష్యం దగ్గరికి వద్దాం. మలేరియా నిర్మూలనలో కేసుల్ని రెండుగా విడదీస్తారు. స్థానికంగా పుట్టినవి, బయటి నుంచి వచ్చినవి. సున్నా చేయవలసింది మొదటి రకాన్ని. ఈ విభజనలో శాస్త్రం ఉంది, తప్పు పట్టనక్కర్లేదు. ఒడిశాలో కుట్టిన దోమ వల్ల ఇక్కడ జ్వరం వస్తే అది బయటి కేసే. వైవాక్స్ రకం క్రిమి కాలేయంలో నెలల తరబడి దాక్కుని మళ్ళీ లేస్తుంది కూడా. సమస్య వాడకంలో ఉంది. బట్టీ కూలీకి జ్వరమొస్తే 'బయటి నుంచి తెచ్చుకున్నాడు' అని రాసేస్తే ఫైలు మూసుకుంటుంది. బట్టీ గుంతలో లార్వా ఉందో లేదో ఎవరూ చూడనక్కర్లేదు. యజమాని సమాధానం చెప్పనక్కర్లేదు. జిల్లాకి సున్నా మార్కు పోదు. ఆ కూలీ జూన్‌లో ఊరికి తిరిగి వెళితే అక్కడి ఆరోగ్య కార్యకర్త 'హైదరాబాద్ నుంచి తెచ్చుకున్నాడు' అని రాయవచ్చు. రెండు రాష్ట్రాల లెక్కల మధ్య ఒక మనిషి ఏ ఊరివాడూ కాకుండా పోతాడు.

మలేరియా మీద ఏటా జనం ముందుకి వచ్చే పట్టికల్లో రాష్ట్రం ఉంటుంది, కేసులు ఉంటాయి, ఫాల్సిపారం సంఖ్య ఉంటుంది, మరణాలు ఉంటాయి. కులం ఉండదు, వృత్తి ఉండదు, వలస వచ్చినవాడా కాదా అనేది ఉండదు. ఆదివాసుల వాటా కొంతైనా తెలుస్తోందంటే వాళ్ళ జిల్లాలు విడిగా ఉండటం వల్ల. దళితులు ప్రతి ఊళ్ళో, ప్రతి కట్టడంలో, ప్రతి బట్టీలో చెల్లాచెదురుగా ఉన్నారు కాబట్టి సగటులో కలిసిపోతారు.

కూలీల గుంపునీ మలేరియానీ కలిపి చూడటం కొత్త ఆలోచనేమీ కాదు. బ్రిటిష్ కాలంలోనే క్రిస్టఫర్స్, బెంట్లీ అనే ఇద్దరు డాక్టర్లు ఉత్తర బెంగాల్ డువార్స్ తేయాకు తోటల మలేరియాని పరిశోధించారు. 1909 బొంబాయి మెడికల్ కాంగ్రెస్‌లో వాళ్ళు చెప్పిన సారాంశం ఇది: తోటలు, రైల్వేలు, రేవులు కట్టడానికి పేద కూలీల్ని వందలుగా ఒకచోట కుదేసి, సరైన తిండీ గూడూ లేకుండా ఉంచడమే మలేరియా చెలరేగడానికి మూలం. తెల్లదొరల కొలువులో ఉన్న డాక్టర్లే అంతమాట అన్నారు. స్వతంత్ర దేశంలో మన ఆరోగ్య శాఖల పోస్టర్ల మీద ఇప్పటికీ చీపురు పట్టుకున్న ఆడమనిషి బొమ్మే ఉంటుంది.

1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టరే తగిన వసతి, ఉచిత వైద్యం ఇవ్వాలని చెప్పింది. దాన్ని 2020లో వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లో కలిపేశారు. చట్టం పేరు మారినా బట్టీ గుడిసె ఎత్తు మారలేదు.

కాబట్టి చేయవలసిన పనిలో మొదటిది వెతకడం. ఏప్రిల్, మే నెలల్లో విద్యార్థి సంఘాలు తమ మండలంలో వాడలకి రెండు కిలోమీటర్ల లోపు ఉన్న గుంతలన్నిటినీ ఫోనులో గుర్తించి, ఒక్కోదానికి ఎదురుగా రాయాలి: ఎవరి నేల, ఎవరు తవ్వారు, ఏ పని కోసం, మట్టి తీయడానికి అనుమతి ఎవరిచ్చారు, పూడ్చాలన్న షరతు ఉందా. ఈ ఐదింటికీ సమాధానాలు గనుల శాఖలో, రోడ్లు భవనాల శాఖలో ఉంటాయి. సమాచార హక్కు కింద అడగవచ్చు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మొరం, ఇసుక లాంటి చిన్న ఖనిజాల లీజుకి 1996 పెసా చట్టం ప్రకారం గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు ముందే కావాలి. ఆ సిఫారసులోనే పూడ్చివేత షరతు రాయించవచ్చు. ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ నిధుల్ని ఎక్కడెక్కడికో మళ్ళించారని మనం ఏటా లెక్కలు తీస్తాం. పల్లపు వాడల మెరక పనికి, నీళ్ళు తీసే కాలువకి ఆ నిధుల్లో ఎంత ఖర్చయిందన్నది కూడా ఆ లెక్కలో చేర్చాలి. పూడ్చడం కుదరని పెద్ద గుంతల్లో గంబూసియా చేపలు వదలమని, లార్వా మందు వారం వారం వేయమని అడగాలి. సాయంత్రం పూట పొగ గొట్టం తిప్పి ఫోటో దిగితే ఒప్పుకోకూడదు. ఆ పొగ గాల్లో ఎగిరే దోమకే గానీ నీళ్ళలో ఉన్న లార్వాకి తగలదు.

ఈసారి జీపు వచ్చినప్పుడు వాళ్ళ చేతిలోని మైకు పూర్తయ్యేదాకా వినండి. ఆ తర్వాత తెల్లటి ప్లేటు ఒకటి పట్టుకుని వాళ్ళని ఆ మొరం గుంత దాకా నడిపించుకు వెళ్ళండి. నీళ్ళు ముంచి చూపించి, నోటీసు ఎవరి పేరు మీద రాస్తారో అక్కడే అడగండి.